చుట్టాలకు చూపించిన ఊళ్ళు

1919వ సంవత్సరం ఫిబ్రవరి 25న మదనపల్లెకు ఒక అతిథి విచ్చేశాడు. వయస్సు యాభై ఏడు. నోబెల్ బహుమానం వచ్చి అప్పటికి ఆరవ ఏడు నడుస్తున్నది. దక్షిణదేశంలో ఊరూరా ఉపన్యాసాలిచ్చి అలసిన రవీంద్రనాథ ఠాగూరు, అనీబిసెంట్ 1915లో నెలకొల్పిన దివ్యజ్ఞాన కళాశాలలో నాలుగు రోజులు విశ్రాంతిగా గడుపుదామని వచ్చాడు. పిలిచినవాడు ఆ కళాశాల ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్. ఐర్లండు దేశపు కవి. ఆయన భార్య మార్గరెట్ సంగీతంలో పట్టం పుచ్చుకొన్న మనిషి. ఓటు హక్కు కోసం పోరాడి స్వదేశంలో జైలు చూసివచ్చిన మనిషి కూడా. మదనపల్లెలో స్త్రీల కోసం ఒక సమాజాన్ని నడిపిన అనుభవంతోనే 1917లో అడయారులో భారత మహిళా సంఘానికి పునాది వేసింది.

ఒక సాయంకాలం విద్యార్థులూ అధ్యాపకులూ పాటలు పాడుకొంటున్న చోటికి అతిథి తానే వచ్చి, నేనూ ఒకటి పాడతానని 'జనగణమన' పాడాడు. పల్లవిని అందరూ అందుకొన్నారు. మార్గరెట్ ఆ బాణీని ఆయన దగ్గరే సరిచూసుకొని పాశ్చాత్య పద్ధతిలో స్వరలిపి వ్రాసిపెట్టింది. ఫిబ్రవరి 28 తేదీ వేసి, తన చేవ్రాలు చేసి, ఆ పాటకు ఆంగ్లానువాదాన్ని ఠాగూరు స్వహస్తంతో వ్రాసి ఇచ్చాడు. 'భారతదేశపు ప్రభాతగీతం' అన్నది ఆ అనువాదానికి ఆయన పెట్టిన పేరు. మార్చి 2న వెళ్ళిపోయాడు. మళ్ళీ మూడు నెలలు తిరగకముందే జలియన్‌వాలాబాగు మారణకాండకు నిరసనగా సర్ బిరుదును వదులుకొన్నాడు. కళాశాలవాళ్ళు ఆ పాటను ప్రార్థనాగీతంగా పెట్టుకొన్నారు. అది దేశానికి జాతీయగీతం కావడానికి, అంటే 1950 జనవరి 24కు, ఇంకా ముప్ఫై ఏళ్ళున్నవి.

మా ప్రాంతంలో ఈ కథను చెప్పేటప్పుడు జనగణమన బాణీ మదనపల్లెలోనే పుట్టిందని ఒక మెట్టు పైకెక్కించి చెప్పడం అలవాటు. ఆ మాట నిలవదు. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలో ఆ పాటను పాడారు. బాణీ లేని పాటను సభలో పాడరు కదా. ఇక్కడ జరిగినది స్వరలిపికి ఎక్కడం, ఆంగ్లంలోకి రావడం. అది చాలదా? గొప్పకు గొప్ప కలిపితే అసలు గొప్ప పలచబడుతుందని నా అభిప్రాయం.

ఈ కథను నేను ఇప్పటికి ఎన్నిమార్లు చెప్పి ఉంటానో లెక్కలేదు. ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడల్లా కళాశాల ఆవరణకు తీసుకొనిపోయి చెబుతాను. క్రిందటి శీతకాలంలో వచ్చిన చుట్టాలకూ చెప్పాను. మా పిన్నమ్మ కొడుకు ట్రినిడాడులో పంతులు ఉద్యోగం చేస్తున్నాడు. భార్యతో, కూతురితో వచ్చి మా ఇంట్లో అయిదు రోజులున్నాడు. పిల్లకు పద్నాలుగేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడేటప్పుడు మాత్రం తడుముకొంటుంది. కథంతా విని, “పెద్దనాయనా, పల్లవి అందుకొన్నవాళ్ళు ఎవరు?” అని అడిగింది.

విద్యార్థులమ్మా, అన్నాను.

“పేర్లు?”

నా దగ్గర లేవు. నేను చదివిన పుస్తకాలలో ఠాగూరు పేరు ఉంది, కజిన్స్ దంపతుల పేర్లు ఉన్నాయి. ఆ సాయంకాలం గొంతు కలిపిన పిల్లలు, చుట్టుప్రక్కల పల్లెల నుండి వచ్చి చదువుకొన్న తెలుగు పిల్లలు, 'విద్యార్థులు' అనే బహువచనంలో మునిగిపోయారు. ఆ ప్రశ్న వేసిన తర్వాత మిగిలిన నాలుగు రోజులూ ఆ పిల్ల నన్ను వదలలేదు. నేను చూపించిన ప్రతిచోటా అదే అడిగింది. ఈ వ్యాసం వ్రాయడానికి కారణం ఆ అడగడమే.

ఆ పిల్ల అలా అడగడంలో వింత లేదు. లోగడ మేము వాళ్ళ ఇంటికి చుట్టాలుగా వెళ్ళినప్పుడు వాళ్ళు మమ్మల్ని త్రిప్పిన చోట్లన్నీ పేర్లతో కూడినవే. వాటర్లూ అనే ఊళ్ళో సముద్రంలో ఒక గుడి ఉన్నది. శివదాస్ సాధు అనే చెరకు తోటల కూలి 1947లో చక్కెర కంపెనీ నేలమీద గుడి కట్టుకొంటే, 1952లో దానిని పడగొట్టించి, ఆయనను జైలులో పెట్టారు. నేల మీదయితే మీది, సముద్రం ఎవరి సొత్తూ కాదు కదా అని ఆయన సైకిలు మీద రాళ్ళూ మట్టీ మోసుకొనిపోయి, పాతికేళ్ళపాటు సముద్రాన్ని పూడ్చి అందులోనే గుడి కట్టాడు. ఆ దీవికి 1845 మే 30న ఫాతెల్ రజాక్ అనే ఓడతో మొదలుపెట్టి 1917 దాకా లక్షా నలభై వేలమందికి పైగా భారతీయులు ఒప్పంద కూలీలుగా చేరారు. ఎక్కువ ఓడలు కలకత్తా రేవు నుండి, తక్కువ మద్రాసు రేవు నుండి బయలుదేరాయి. ఓడ ఎక్కే ప్రతి మనిషికీ దొరలు ఒక చీటీ వ్రాశారు: పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీది పుట్టుమచ్చ లేదా గాయపు గుర్తు. పశువును కొనేటప్పుడు సుళ్ళు చూసినట్లు చూసి వ్రాసిన చీటీలవి. ఎంత అవమానకరమైనవైనా, అవే ఇప్పుడు మునిమనుమలకు ఆస్తి. ఆ దేశపు ప్రాచ్యపత్ర భాండాగారంలో ఆ దస్తావేజులను చూసి తాతముత్తాతల ఊళ్ళు వెదుక్కొంటూ వస్తున్నారు.

అక్కడ పుట్టి పెరిగిన పిల్ల. చరిత్ర అంటే పేర్ల పట్టిక అని అనుకోవడం దానికి సహజం.

కళాశాల నుండి జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన ఇంటికి వెళ్ళాము. 1895 మే నెలలో పుట్టాడు. తేదీ 11 అని మన లెక్క, 12 అని ఆంగ్లేయుల లెక్క. అర్ధరాత్రి దాటిన తర్వాత పుట్టినవాళ్ళకు వచ్చే తంటా ఇది. ఎనిమిదవ సంతానం కనుక కృష్ణుడి పేరు పెట్టారు. తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖలో ఉద్యోగి, తల్లి సంజీవమ్మ. తల్లి 1905లో పోయింది. ఉద్యోగం విరమించిన తండ్రి పిల్లలను తీసుకొని 1909లో అడయారు చేరాడు. అక్కడి సముద్రతీరంలో లెడ్‌బీటర్ కంటబడిన తర్వాత ఆ కుర్రవాడి బ్రతుకు ఎటు తిరిగిందో అందరికీ తెలిసినదే. తనను జగద్గురువుగా నిలబెట్టడానికి కట్టిన సంఘాన్ని 1929 ఆగస్టు 3న హాలండులో తానే రద్దు చేశాడు. మదనపల్లె దగ్గరి లోయలో నెలకొన్న ఋషివ్యాలీ పాఠశాలకు ఏటేటా వచ్చి, పిల్లలతో మాట్లాడి, మళ్ళీ వెళ్ళిపోయేవాడు. చివరిసారి వచ్చినది 1985లో. మరుసటి ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో కన్నుమూశాడు. పుట్టిన చోటికే ఏడాదికొకమారు అతిథిగా వచ్చిన మనిషి.

పిల్ల ఆ ఇంట్లో అడిగినది కృష్ణమూర్తిని గురించి కాదు, సంజీవమ్మను గురించి. ఆమెను గురించి మనకు తెలిసినది బహు కొద్ది. భక్తురాలు, ఈ బిడ్డ గొప్పవాడవుతాడని నమ్మినది, పూజగదిలో ప్రసవించినది. అంతే. ఆ ఊళ్ళో ఇంటింటికీ చెప్పుకొనే పేరు కొడుకుది. అయితే ఈ నేల మీద ఆ ఇంటిని నడిపినది ఆమె. మా మరదలు గడప దగ్గర కాసేపు ఊరకే కూర్చున్నది.

రెండవనాడు కొండకు పోయాము. నాలుగు వేల అడుగులకు పైబడిన ఎత్తు. ఎండాకాలంలో మదనపల్లె ఉడికిపోతున్నప్పుడు కూడా అక్కడ సాయంకాలమయ్యేసరికి శాలువ కప్పుకోవాలి. కడప కలెక్టరు డబ్ల్యు.డి. హార్స్‌లీ 1870 ప్రాంతంలో వేసవి విడిది కట్టుకొన్నాడు. అందుకని హార్స్‌లీ హిల్స్. కడప కలెక్టరుకు ఇక్కడేం పని అని ఇప్పటివాళ్ళకు అనుమానం రావచ్చు. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె కడప జిల్లాలోనే ఉండేది. పుంగనూరు మాత్రం ఉత్తర ఆర్కాటుది. 2022లో మళ్ళీ జిల్లాలను పంచినప్పుడు మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి పోయింది, పుంగనూరూ కుప్పమూ చిత్తూరు జిల్లాలోనే ఉండిపోయాయి. ఇరుగుపొరుగు ఊళ్ళను విడదీయడం, కలపడం, మళ్ళీ విడదీయడం మా ప్రాంతానికి కొత్త కాదు.

హార్స్‌లీ రాకమునుపు ఆ కొండకు పేరు లేదా? ఉంది. ఏనుగు మల్లమ్మ కొండ. కొండమీద ఒంటరిగా ఉండిన ఆడపిల్లను ఏనుగులు సాకాయనీ, ఆమె అక్కడి చెంచులకు వనమూలికలతో వైద్యం చేసేదనీ, ఒకనాడు కనబడకుండా పోతే వాళ్ళు ఆమెకు గుడి కట్టుకొన్నారనీ కథ. గుడి ఇప్పటికీ ఉంది. చుట్టుప్రక్కల పల్లెల ముసలివాళ్ళు ఇప్పటికీ 'మల్లమ్మ కొండకు పోయినాము' అనే అంటారు. బస్సు మీద బోర్డు మాత్రం దొరదే. దొర మీద నాకు కోపమేమీ లేదు. కొండను ప్రేమించాడు, చెట్లు నాటించాడు. అయితే ఒక వేసవి బంగళా కట్టినవాడి పేరు పటాలకు ఎక్కి, తరతరాల పేరు పల్లెటూరి నోళ్ళకే పరిమితం కావడం ఎలా జరుగుతుందో చూడదలచినవాళ్ళకు ఇంతకన్నా తేట ఉదాహరణ లేదు.

ఆ కథలోని ఏనుగులను చూసి, ఇక్కడ ఏనుగులేమిటి, ఇది కట్టుకథ అని నా చిన్నతనంలో పెద్దలే కొట్టిపారవేసేవారు. 1980వ దశకంలో హోసూరు, ఆనేకల్లు అడవుల వైపు నుండి ఏనుగుల మంద ఒకటి పలమనేరు, కుప్పం అడవులలోకి వచ్చింది. ఆంధ్రదేశంలో అడవి ఏనుగు కనబడి అప్పటికి దాదాపు రెండు శతాబ్దాలయిందని వన్యప్రాణి శాస్త్రజ్ఞులు అంటారు. 1990లో వాటికోసం కౌండిన్య అభయారణ్యాన్ని ప్రకటించారు. కనుక మల్లమ్మ కథలోని ఏనుగులు ఎక్కడి నుండో ఊడిపడినవి కావు. ఒకప్పుడు ఈ నేలవే అయి ఉంటాయని నేను నమ్ముతాను. తిరిగివచ్చిన చుట్టాలతో వేగడం ఎంత కష్టమో అడవి అంచు రైతులనడగాలి. చెరకు తోటలు పోయాయి, అరటి పోయింది, మనుషులూ పోయారు. మనుషుల చేతిలో, కరెంటు తీగలకు, ఏనుగులూ పోయాయి.

(పిడకలవేట: కొండ దిగి వస్తూ మదనపల్లె టమోటా మార్కెట్టు చూపించాను. దేశంలోని పెద్ద టమోటా మార్కెట్లలో ఇదొకటి. ట్రినిడాడు చుట్టాలు చరిత్రాత్మక స్థలాలన్నింటికన్నా ఎక్కువ ఫొటోలు తీసుకొన్నది ఇక్కడే. ఎవరి అభిరుచి వారిది.)

ఆరోగ్యవరాన్ని చూపించాలా వద్దా అని తటపటాయించాను. క్షయరోగుల ఆసుపత్రి, సెలవులకు వచ్చిన చుట్టాలను తీసుకొనిపోయే చోటు కాదు. కాని మదనపల్లెకు వచ్చిన అతిథులలో ఎక్కువమంది చేరినది అక్కడికే. వివిధ క్రైస్తవ మిషన్లు కలిసి నెలకొల్పిన ఆ శానటోరియం 1912లో మొదలై, 1915లో ఇప్పటి చోట తెరచుకొన్నది. తొలి వైద్యాధికారి డెన్మార్కుకు చెందిన క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్. క్షయకు మందు లేని కాలమది. పొడిగాలి, మంచి తిండి, పూర్తి విశ్రాంతి, ఇవే వైద్యం. రోగి నెలల తరబడి, ఒక్కొక్కసారి ఏళ్ళ తరబడి ఉండవలసివచ్చేది. దక్షిణదేశంలో 'మదనపల్లెకు తీసుకొనిపోయినారు' అన్న మాటకు ఒక తరంవాళ్ళ గుండె జారిపోయేది. చూడవచ్చిన బంధువులు ఊళ్ళో బసచేసి, అక్కడికి పోయి, దూరంగా కూర్చొని మాట్లాడి వచ్చేవారట. చుట్టపుచూపు అన్న మాటకు ఇంత బరువు మరెక్కడా ఉండదు. 1948లో మన దేశంలో బి.సి.జి. టీకాను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన చోట్లలో మదనపల్లె ఒకటి. ఆ తర్వాత మందులు వచ్చాయి. ఇంటి దగ్గర ఉండి మందులు వాడినా శానటోరియంలో ఉన్నంత గుణమే కనబడుతుందని 1959లో మద్రాసు పరిశోధకులు నిరూపించారు. జబ్బుపడ్డ మనిషిని ఇంటినుండి వేరుచేయనక్కరలేదన్నది శాస్త్రం ఆ కుటుంబాలకు చేసిన మేలు. ఆ మేలుతోనే శానటోరియాల కాలం ముగిసింది.

పిల్ల వసారాలు చూస్తూ ఏమీ అడగలేదు. ఆసుపత్రిలో పేర్లు ఉంటాయని దానికి తెలుసు కాబోలు.

మూడవనాడు పుంగనూరు. దాని చరిత్ర కాస్త నిలబడి చెప్పుకోదగ్గది. పుంగనూరు జమీందార్ల మూలం పుంగనూరు కాదు. కోలారు ప్రాంతంలోని సుగుటూరు. ఆ ఊరి తిమ్మేగౌడ విజయనగర ప్రభువుల దయతో చిక్కరాయలనే బిరుదు పొంది, హోసకోట కట్టి, కోలారు సీమను ఏలాడు. పదిహేడవ శతాబ్దం నడుమ బిజాపూరు సేనలు రణదుల్లాఖాను, షహాజీల నాయకత్వాన ఆ సీమను పట్టుకొన్నాయి. చోటు తప్పిన ఆ వంశపు శాఖ ఒకటి పుంగనూరులో నిలిచింది. ఆ తరువాత నవాబులు, హైదరు, టిప్పు, కుంపిణీ అందరూ వచ్చిపోయారు. 1791 ఫిబ్రవరిలో కారన్‌వాలిసు తన సైన్యాన్ని మొగిలి కనుమ ఎక్కించి పలమనేరు మీదుగా బెంగుళూరుకు నడిపించినది కూడా ఈ సీమగుండానే. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ ముగిసింది. ప్యాలెస్సు మిగిలింది.

మిగిలినది ఇంకొకటి ఉంది. జమీందార్ల ఇలవేల్పు పేరు సుగుటూరు గంగమ్మ. జాతరనాడు అమ్మవారిని ప్యాలెస్సులోనే నిలుపుతారు. ఆనాడు ప్యాలెస్సు తలుపులు ఊరందరికీ తెరుచుకొంటాయి. ఊరు పోయింది, కోట పోయింది, బిరుదు పోయింది, చివరకు జమీ పోయింది. పోయిన ఊరి పేరు మాత్రం దేవత ఇంటిపేరుగా నిలిచింది. వలసపోయిన మనిషి వెంట ఏది పోతుందో తెలుసుకోవడానికి నాకు పుంగనూరు కన్నా మంచి పాఠం దొరకలేదు. మా తమ్ముడు ఈ మాట వినగానే తల ఎత్తి చూశాడు. ఎందుకో కుప్పంలో గాని చెప్పలేదు.

పుంగనూరు ఆవు గురించి వ్రాయకపోతే మిత్రులు ఊరుకోరు. డెబ్భై నుండి తొంభై సెంటీమీటర్ల ఎత్తు. పాలలో మామూలు ఆవులకు మూడు నాలుగు శాతం వెన్న ఉంటే దీనికి ఎనిమిది దాకా ఉంటుందంటారు. కరవుకు తట్టుకొనే జాతి. ఊళ్ళల్లో జాతి అంతరించే దశకు వచ్చినప్పుడు పలమనేరు పశుపరిశోధనా కేంద్రం దానిని కాపాడింది. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి ఇంట్లో ఈ ఆవులకు మేత పెడుతున్న చిత్రాలు వచ్చిన తర్వాత పట్టణాల ధనవంతులకు మోజు పెరిగింది. మేము పుంగనూరులో పుంగనూరు ఆవుకోసం ఒక పూటంతా వెదికాము. చూసినవాళ్ళంతా ఎవరో పెద్దవాళ్ళు కొనుక్కొనిపోయారనే చెప్పారు. పేరు ఇక్కడిది, ఉండేది మరెక్కడో.

పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అక్కడ మా జేజి ఉన్నది. మా అమ్మకూ పిన్నమ్మకూ చిన్నమ్మ వరుస. తొంభై దాటిన మనిషి. రాగిసంగటి, ఊరుబిండి, అలసందల పులుసు పెట్టించింది. కుప్పంలో ఒక వీధిలో తెలుగు, మలుపు తిరిగితే అరవం, సంతలోకి పోతే కన్నడం. మూడు భాషలూ ఒకే వాక్యంలో కలిపి మాట్లాడేవాళ్ళను చూసి మా మరదలు నవ్వు ఆపుకోలేకపోయింది. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని ఇక్కడ పెట్టినది ఊరికే కాదు. పొరుగు రాష్ట్రాలు కూడా చేయి కలిపిన సంస్థ అది. అంతకు పూర్వం ఈ సీమ కంగుంది జమీందారీ. శిథిలమైన కోట కొండమీద ఇప్పటికీ ఉన్నది. కంప్యూటరు మిత్రులకు గుర్తుండి ఉంటుంది, 2002లో హ్యూలెట్-ప్యాకర్డ్ సంస్థ కుప్పంలో మూడేళ్ళ ప్రయోగం ఒకటి చేసింది. అందులో భాగంగా స్వయంసహాయక సంఘాల ఆడవాళ్ళకు డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు, సౌరశక్తి సంచి ఇచ్చి పల్లెల్లో ఫొటోలు తీయించారు. ప్రయోగం ముగిసిపోయింది. ఆ ఆడవాళ్ళు తీసిన ఫొటోలు ఏ గోడలమీదనో ఉండే ఉంటాయి. నాకు దానిలో నచ్చిన భాగం అదొక్కటే.

కుప్పం కథ అసలు రైలుతో మొదలవుతుంది. జోలార్‌పేట నుండి బెంగుళూరు దండు దాకా 1864లో రైలు పడింది. ఆ దారిలోదే కుప్పం. 1880లో జాన్ టేలర్ కంపెనీ కోలారులో బంగారు గనులు పట్టిన తర్వాత ఉత్తర ఆర్కాటు పల్లెలనుండి జనం బౌరింగుపేటకు, అంటే ఇప్పటి బంగారుపేటకు రైలెక్కి గనులకు పోయారు. అరవలూ పోయారు, తెలుగువారూ పోయారు. వానలు లేని సీమ. 1876-78 కరవు ఎముకలు కొరికిన సీమ. సముద్రం దాటినవాళ్ళు చీటీలకు ఎక్కారు. రైలెక్కి నాలుగు గంటల దూరం పోయినవాళ్ళకు ఊళ్ళో ఏ చీటీ మిగల్లేదు. అది పరదేశం కాదు కదా. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి.

మా అమ్మకూ పిన్నమ్మకూ పెదనాన్న ఒకాయన అలా పోయినవాడే. మా తమ్ముడు ఇంత దూరం వచ్చినది ఆ సంగతి అడగడానికని కుప్పంలో తెలిసింది. ట్రినిడాడులో కాళీమాత గుళ్ళకు పోతే మారియమ్మ, కాటేరి, మదురైవీరుడు, వాళ్ళ సరసన గంగమ్మ ఉంటారట. గయానాలోనూ అంతే. మద్రాసు రేవునుండి పోయినవాళ్ళను అక్కడ భాషతో పనిలేకుండా 'మద్రాసీలు' అన్నారు. వాళ్ళు మాట్లాడిన అరవమూ తెలుగూ కొన్ని పిలుపులలో, పాటల ముక్కలలో తప్ప మిగల్లేదు. గంగమ్మ మిగిలింది. ఆ గుడిలో నిలబడినప్పుడు తన ఇంట్లో పోయినవాడెవడో తనకే తెలియదన్న సంగతి వాడికి తట్టిందట. పరాయివాళ్ళు తాతల పేర్లు వెదుక్కొంటూ మన దేశం వస్తుంటే, మనకు మన తాత అన్న పేరు తెలియకపోవడమేమిటని.

జేజిని అడిగాము. ఆయన పేరు చెప్పింది. ఎప్పుడు పోయినాడంటే సంవత్సరం చెప్పలేకపోయింది; 'మా అక్క పెండ్లి అయిన ఏడు' అన్నది. గనిలో రాయి పడి పోయినాడని కబురు వచ్చింది, మనిషి రాలేదు, అంతే. పిల్ల తన పుస్తకంలో వ్రాసుకొని, ఆయనకు పెండ్లయిందా అని అడిగింది.

“అయింది మే” అన్నది జేజి. “ఆమె ఈడే ఉండిపోయింది. ఈ ఇంట్లోనే. నన్ను ఎత్తుకొని పెంచినది ఆమే. రైలు కూత వినబడితే వసారాలోకి వచ్చి నిలబడేది.”

“ఆమె పేరు?”

జేజి చాలాసేపు ఆలోచించింది. అందరూ ఆమెను పెద్దమ్మ అనే పిలిచేవారట. జేజి కూడా అలాగే పిలిచింది. వంటింట్లోకి పోయి, తిరిగి వచ్చి, మళ్ళీ కూర్చొని, సంగటి గిన్నె ప్రక్కకు జరిపి, చివరకు పేరు చెప్పింది. చెప్పి, ఆ పేరు నోట పలికి ఎన్నేళ్ళయిందో అన్నది. ఆ పేరు ఇక్కడ వ్రాయను. అది మా ఇంటివాళ్ళకు చాలు. పిల్ల తెలుగులో వ్రాయడం రాక ఆంగ్లాక్షరాలలో వ్రాసుకొంటుంటే, జేజి పుస్తకం లాక్కొని, వణికే చేత్తో ప్రక్కన తెలుగులో వ్రాసిపెట్టింది.